స్టాంప్ కాంక్రీట్ వాకిళ్లు, నడకదారులు: నల్లగొండ ఎండకూ మిన్నెసోటా మంచుకూ తరచుగా అడిగే ప్రశ్నలు

నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు ఈ పని గురించి అడిగేవాళ్లు రెండు రకాలు. షికాగోలోనో న్యూజెర్సీలోనో కొడుకు ఇంటి వెనక చూసి వచ్చి, ‘మన వాకిట్ల గూడ అట్లనే పోయుండ్రి’ అనేవాళ్లు ఒకరు. అక్కడ ఇల్లు కొనుక్కుని, కాంట్రాక్టర్ ఇచ్చిన కొటేషన్ ఫోన్‌లో పంపి ‘ఇది సరిగ్గానే ఉందా అంకుల్’ అని అడిగే పిల్లలు ఇంకొకరు. పని రెండు చోట్లా ఒకటే. చెడగొట్టేది కూడా రెండు చోట్లా నీళ్లే. కాకపోతే ఇక్కడ తొందరగా ఆరిపోయి చెడగొడతాయి, అక్కడ గడ్డకట్టి చెడగొడతాయి. ఇక్కడి ప్రశ్నలు ముందు, మంచు ఊళ్లవి తర్వాత.

స్టాంప్ కాంక్రీట్ అంటే ఏంది? టైల్స్ లాంటిదా?

కాదు, మామూలు కాంక్రీటే. పోసి, లెవల్ చేసి, ఇంకా పచ్చిగా ఉండగానే పైన రంగు పొడి చల్లుతారు. దాని మీద రబ్బరులా వంగే పాలీయురెథేన్ అచ్చులు పరిచి తొక్కితే రాతి పలకలవో ఇటుకలవో చెక్కవో గీతలు దిగుతాయి. గట్టిపడ్డాక కడిగి, రంగునూ పైపొరనూ కాపాడే సీలర్ పూస్తారు. 1950ల్లో కాలిఫోర్నియాలో బ్రాడ్ బోమన్ అనే ఆయన కాంక్రీట్ మీద అచ్చు వేసే పద్ధతిని తీర్చిదిద్దాడని చెబుతారు.

మొత్తం ఒకే పలక కాబట్టి టైల్ లేవడం, సందుల్లో గడ్డి మొలవడం ఉండవు. అదే కారణంగా, ఎక్కడైనా పగిలితే ఒక టైల్ తీసి ఇంకో టైల్ పెట్టినట్టు మార్చలేం.

షాబాద్ బండలు, పార్కింగ్ టైల్స్ ఉండంగ ఇదెందుకు?

అవసరం లేదనే చాలామందికి చెప్తాను. తాండూరు, షాబాద్ బండలు మనకు దగ్గర్లో దొరుకుతాయి, పరిచే సుతారి ప్రతి మండలంలో ఉంటాడు. పగిలితే ఆ ఒక్క బండ మారుస్తాడు. స్టాంప్ పనికి అచ్చులున్న టీమ్ కావాలి, వాళ్లు ఎక్కువగా హైదరాబాద్ నుంచే రావాలి. చిన్న వాకిలి కోసం అంత దూరం నుంచి పిలిస్తే అచ్చుల అద్దె, రానుపోను ఖర్చులే మీద పడతాయి.

పెద్ద జాగా ఉండి, గేటు నుంచి ఇంటిదాకా వంపు తిరిగిన దారి కావాలంటే మాత్రం స్టాంప్ బాగుంటుంది. వంపుల దగ్గర బండలు కోసుకుంటూ పోతే సగం సరుకు ముక్కలైపోతుంది. కాంక్రీట్ అయితే సెంట్రింగ్ పట్టీ ఎటు వంచితే అటు వెళ్తుంది.

మాది నల్లరేగడి. పగుళ్లు రావా?

ఆలంపూర్, గద్వాల వైపు నుంచి ఎక్కువగా వచ్చే ప్రశ్న. నేలను పట్టించుకోకపోతే వస్తాయి, ఎంత మంచి కాంక్రీట్ పోసినా వస్తాయి. నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుని నోళ్లు తెరుస్తుంది. పైనున్న నాలుగు అంగుళాల పలకకు దాన్ని ఆపే బలం లేదు.

నేను చేయించే పద్ధతి: కనీసం అడుగున్నర, వీలైతే రెండు అడుగులు నల్లమట్టి తీసేయడం. దాని బదులు మొరం నింపి, ఆరంగుళాలకు ఒక పొర చొప్పున తడిపి రోలర్ తిప్పడం. మొరం పోసి నీళ్లు వదిలి ‘కూర్చుంటది లే’ అని వదిలేస్తే అది కూర్చోదు. పలక పోసిన మరుసటి వానాకాలం కూర్చుంటుంది, పలకతో సహా. ఇంకొకటి, పలక అంచుకు ఆనించి మొక్కల పాదులు కట్టొద్దు. రోజూ అక్కడ నీళ్లు పోస్తే ఆ పక్క మట్టి ఉబ్బి అంచు లేస్తుంది.

ఎర్ర చెల్క నేలల్లో ఇంత తిప్పలు లేదు. పైమట్టి, వేళ్లు తీసేసి, నాలుగైదు అంగుళాల మొరమో కంకర పొడో పరిచి బాగా దిమ్మిస చేస్తే చాలు.

ఎంత మందం పోయాలె? ఎన్ని బస్తాలు పడుతయ్?

మనుషులు నడిచే దారి, కూర్చునే అరుగు అయితే 4 అంగుళాలు. కారు ఎక్కే చోట 5. ట్రాక్టరో బోరు లారీయో వచ్చే అవకాశం ఉంటే 6.

100 చదరపు అడుగులు 4 అంగుళాల మందంతో అంటే దాదాపు 33 ఘనపుటడుగులు, ఒక క్యూబిక్ మీటరుకు కొంచెం తక్కువ. ఎం25 అనే బలం గ్రేడ్ కాంక్రీట్‌కు ఏడు బస్తాల దాకా సిమెంట్ అవుతుంది. 500 చదరపు అడుగులంటే 4.7 క్యూబిక్ మీటర్లు, ఒక ఆర్‌ఎంసీ (ప్లాంటులోనే కలిపి తెచ్చే రెడీమిక్స్ కాంక్రీట్) ట్రక్కులో వచ్చేస్తుంది. ఇంత జాగా ఉంటే ఆర్‌ఎంసీ తెప్పించుకోవడమే మంచిది. మిల్లర్ (సైట్‌లో కాంక్రీట్ కలిపే మిషన్) దగ్గర ఒక్కో కలుపుకు నీళ్లు ఒక్కో తీరుగా పడతాయి, ఆ తేడా రంగులో మచ్చలుగా తేలుతుంది. మామూలు స్లాబ్‌లో అది ఎవరికీ కనబడదు. ఇక్కడ పదేళ్లు కనబడుతుంది.

ఓపీసీ మంచిదా, పీపీసీ మంచిదా?

రెండూ పనికొస్తాయి. ఓపీసీ అంటే మామూలు సిమెంట్, పీపీసీ అంటే ఫ్లై యాష్ (బొగ్గు బూడిద) కలిపిన సిమెంట్. మట్టపల్లి, మేళ్లచెరువు, వాడపల్లి ఫ్యాక్టరీల సిమెంట్ చేతికందే దూరంలో ఉంది, ఆ విషయంలో మనం అదృష్టవంతులం. పీపీసీలో 15 నుంచి 35 శాతం ఫ్లై యాష్ ఉంటుంది. బిగుసుకోవడం నిదానం కాబట్టి ఎండాకాలం అచ్చులు వేయడానికి కాస్త సమయం దొరుకుతుంది. కానీ క్యూరింగ్ ఎక్కువ రోజులు అడుగుతుంది. ఏదైనా సరే, పని మధ్యలో బ్రాండ్ మార్చొద్దు. సిమెంట్ రంగు మారితే పైన వేసిన రంగు కూడా మారుతుంది.

మా బోరు నీళ్లు ఉప్పగుంటయ్. పైగా ఫ్లోరైడ్. కాంక్రీట్‌కు పనికొస్తయా?

ఫ్లోరైడ్ సంగతి మర్రిగూడ, మునుగోడు వైపు వాళ్లు అడుగుతారు. మన నీళ్లలో ఉండేపాటి ఫ్లోరైడ్ మనుషుల ఎముకలకు శత్రువు గానీ కాంక్రీట్‌కు కాదు. చూడాల్సింది క్లోరైడ్లు, సల్ఫేట్లు. కాంక్రీట్ పనికి మన దేశపు ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం ఇనుము ఉన్న కాంక్రీట్‌కు వాడే నీళ్లలో క్లోరైడ్ లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదు, ఇనుము లేకపోతే 2000 దాకా పర్వాలేదు. సల్ఫేట్ 400 దాటకూడదు. పీహెచ్ 6 కంటే తగ్గకూడదు. నీటి పరీక్ష ఖర్చు మొత్తం పనిలో లెక్కలోకే రాదు, చేయించుకోండి.

బలం సంగతి అలా ఉంచితే, ఉప్పు నీళ్లు రంగు పనికి వేరే చేటు చేస్తాయి. నీళ్లు ఆవిరై ఉప్పు పైకి తేలి తెల్లటి పొర కడుతుంది. ముదురు ఎరుపు, బొగ్గు రంగు పలకల మీద సున్నం చల్లినట్టు కనబడుతుంది. మామూలు వాకిలికి ఫర్వాలేదనిపించే బోరు నీళ్లు ఇక్కడ వద్దు. ట్యాంకర్ తెప్పించండి.

ఏ నెలల పోయాలె?

నవంబర్ నుంచి ఫిబ్రవరి మధ్య దాకా బంగారు కాలం. మార్చి రెండో పక్షం నుంచి కష్టం మొదలవుతుంది. మే నెలలో నల్లగొండలో 45 డిగ్రీల మధ్యాహ్నం, పైగా వడగాలి. ఐఎస్ 7861 అనే ప్రమాణం 40 డిగ్రీలు దాటితే దాన్ని వేడి వాతావరణపు కాంక్రీట్ పని కింద లెక్కగట్టి, వేరే జాగ్రత్తలు చెబుతుంది.

అసలు ఇబ్బంది ఇది. కాంక్రీట్ పైపొర నుంచి నీళ్లు గంటకు చదరపు మీటరుకు ఒక కిలో కంటే ఎక్కువ ఆవిరైతే, కింది నుంచి ఊరే నీళ్లు దాన్ని అందుకోలేవు. పైపొర ముడుచుకుంటుంది, లోపల ఇంకా పచ్చిగానే ఉంటుంది. అప్పుడే సన్నని పగుళ్లు పడతాయి. గాలి తోడైతే వేడి తక్కువున్న రోజు కూడా ఇదే జరుగుతుంది. మామూలు స్లాబ్ మీద తాపీతో మళ్లీ రుద్ది మూసేస్తారు. ఇక్కడ పైన రంగు, అచ్చు పడ్డాక రుద్దడానికి వీల్లేదు.

ఎండాకాలం తప్పనిసరైతే తెల్లవారుజామున నాలుగింటికి మొదలుపెట్టండి. కింది మొరం ముందు రోజు సాయంత్రం తడపండి, నీళ్లు మాత్రం నిలవొద్దు. కంకర కుప్ప మీద నీళ్లు చల్లి పట్టా కప్పండి. కలిపే నీళ్లలో ఐసు గడ్డలు వేయండి, ఆ ఐసును నీళ్ల లెక్కలోనే కలపండి. గాలి వచ్చే వైపు గ్రీన్ నెట్ కట్టండి. రిటార్డర్ (బిగుసుకోవడాన్ని ఆలస్యం చేసే మందు) కలిపితే సమయం దొరుకుతుంది, కానీ డోసు ఇంజినీరో ఆర్‌ఎంసీ ప్లాంటు వాళ్లో తేల్చాలి, మేస్త్రీ మూతతో కొలిచి పోయడం కాదు.

ముహూర్తాల గురించి ఒక మాట. మాఘంలో గృహప్రవేశం అనుకుంటే కార్తీకంలోనే కాంక్రీట్ అయిపోవాలి. పందిరి వేసే ముందు వారం పోయమంటే పోసేవాళ్లు దొరుకుతారు, నేను పోయను.

పోసే రోజు నేను దగ్గరుండి ఏం చూడాలె?

మొట్టమొదట నీళ్లు. ఎం25 కాంక్రీట్‌కు ఒక బస్తాకి, ఇసుకలో ఉన్న తడితో కలిపి 22 నుంచి 25 లీటర్లు. ‘సార్, మాలు జారుతలేదు, ఇంకో బకెట్’ అనే మాట వినబడగానే లేచి వెళ్లండి. ఆ ఒక్క బకెట్‌తో పని తేలికవుతుంది, బలం పోతుంది, పైపొర పొడి రాలుతుంది. జారడం కావాలంటే ప్లాస్టిసైజర్ ఉంది. ఆర్‌ఎంసీ ట్రక్కు డ్రైవర్ కూడా పైపు విప్పి డ్రమ్ములో నీళ్లు కొట్టకుండా చూసుకోండి.

రెండోది మెష్. ఇనుప జాలీ నేల మీద పరిచి, దాని మీద కాంక్రీట్ పోసి, ‘తర్వాత కొక్కెంతో పైకి లాగుతం’ అంటారు. లాగరు. లాగినా తొక్కిన చోట మళ్లీ కిందికే పోతుంది. జాలీ పలక పైనుంచి మూడో వంతు లోతులో ఉండాలి, దానికి కింద కవర్ బ్లాకులు పెట్టించండి. జాలీ పగుళ్లను ఆపదు. పడ్డ పగులు నోరు తెరవకుండా పట్టుకుంటుంది. కలిపే పాలీప్రొపిలీన్ ఫైబర్ పని వేరు, అది మొదటి గంటల్లో పడే సన్నపగుళ్లను తగ్గిస్తుంది. నడకదారికి ఫైబర్ చాలు, కారు ఎక్కే చోట జాలీ ఉండాలి.

మూడోది రంగు. పొడి రంగు రెండు దఫాలుగా చల్లాలి. మొదటిసారి చల్లింది తడిని పీల్చుకుని ముదురెక్కాక తాపీతో లోపలికి ఎక్కించి, తర్వాత రెండోసారి. పైన నీళ్లు తేలి ఉండగా చల్లితే పొర లేస్తుంది. రంగు పొడిగానే మిగిలిపోయిందని పైన నీళ్లు చిలకరిస్తే ఇంకా చెడ్డది.

అచ్చు వేసే సమయం గడియారం చెప్పదు. వేలు పెట్టి చూడాలి. వేలు పావు అంగుళం దాకా దిగాలి, వేలికి మాలు అంటకూడదు. అంటితే ఇంకా ఆగాలి. కష్టపడి నొక్కితే గానీ దిగకపోతే ఆలస్యం అయినట్టే. ఈ రెండింటి మధ్య ఎండాకాలం ముప్పావుగంట కూడా దొరకదు. అందుకే మనుషుల్ని తక్కువ పెట్టుకుని ఎక్కువ జాగా ఒకేసారి పోయొద్దు. ఒక చివర గీతలు లోతుగా, ఇంకో చివర అచ్చు పడీపడనట్టు ఉన్న వాకిళ్లన్నీ అలా తయారైనవే.

మధ్యల జాయింట్లు కోస్తే డిజైన్ పాడైతది గదా? కోయకుండ చేస్తరా?

చేసేవాళ్లున్నారు. కాంక్రీట్ ఎండుతూ ముడుచుకుంటుంది, ఎక్కడో చోట పగులుతుంది. మనం కోసిన గీతలో పగలాలా, దానికి నచ్చిన చోట పగలాలా అన్నదే తేల్చుకోవాల్సింది. 4 అంగుళాల పలకకు 8 నుంచి 10 అడుగులకు ఒక జాయింట్, లోతు మందంలో నాలుగో వంతు, అంటే ఒక అంగుళం. గడులు చతురస్రానికి దగ్గరగా ఉండాలి. పొడుగు వెడల్పుకు ఒకటిన్నర రెట్లు దాటితే మధ్యలో పగులు ఖాయం. అచ్చులోని పెద్ద గీత వెంబడి జాయింట్ పడేలా ముందే కొలుచుకుంటే కంటికి ఆనదు. కోత అదే రోజు పడాలి, మర్నాటికి వాయిదా వేస్తే కాంక్రీట్ ముందే పగిలి ఉంటుంది.

ఇంటి గోడకు, పిల్లర్లకు, సంప్ మూత చుట్టూ తగలకుండా అరంగుళం ఫోమ్ షీట్ పెట్టించండి. పిల్లర్ మూల నుంచి ఏటవాలుగా పగులు మొదలైందంటే అది మర్చిపోయారన్నమాట.

క్యూరింగ్‌కు కట్టలు కట్టి నీళ్లు నిలిపితే సరిపోతదా?

స్లాబ్‌కు అది భేషైన పద్ధతి. రంగు కాంక్రీట్‌కు కాదు. మాలు కట్టల మరకలు అలాగే ఉండిపోతాయి, నీళ్లు నిలిచిన మేర రంగు ఒక తీరు, ఆరిన మేర ఇంకో తీరు. గోనె సంచుల రంగు దిగుతుంది. పాలిథిన్ కప్పితే మడతలు పడ్డ చోటల్లా చారలు. రంగు పనికి క్యూరింగ్ కాంపౌండ్ (లోపలి తడి ఆవిరైపోకుండా ఆపే ద్రవం) స్ప్రే చేయడమే దారి, అది తర్వాత వేసే సీలర్‌కు సరిపడేది కావాలి.

అచ్చులు అంటుకోకుండా కింద చల్లిన రిలీజ్ పౌడర్ ఉంటే ఒకట్రెండు రోజులయ్యాక కడిగి, ఆరాక కాంపౌండ్ కొడతారు. ఈ లోపు ఎండ నేరుగా తగలకుండా పైన నెట్ కట్టండి. ఐఎస్ 456 వేడి, పొడి వాతావరణంలో కనీసం 10 రోజులు, పీపీసీ లాంటి సిమెంట్లకు 14 రోజులు తడి కాపాడమంటుంది. ఆ రోజులు తగ్గించుకోవడానికి ఏ మందూ లేదు.

సీలర్ ఎప్పుడు వేయాలె? ఎన్ని సార్లు?

28 రోజుల తర్వాత, పలక పూర్తిగా ఆరాక. తడి మీద వేస్తే పాలు ఒలికినట్టు తెల్లబడుతుంది. అక్రిలిక్ సీలర్ రెండు పలచటి పూతలు చాలు. మెరుపు కోసం మూడోది మందంగా కొట్టిస్తే జారుతుంది, బుడగలు లేస్తుంది. మన ఎండకు రెండు మూడేళ్లకోసారి మళ్లీ వేయాల్సిందే. ఇది చేయించే ఓపిక లేనివాళ్లు స్టాంప్ జోలికి పోకపోవడం మేలు, ఎందుకంటే సీలర్ పోయిన పలక రంగు వెలిసిన చీరలా ఉంటుంది.

ముగ్గు పడుతదా? సాన్పు చల్లచ్చా?

ఆడవాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఇదే. అచ్చుల పుస్తకం చూపించే కాంట్రాక్టర్ దగ్గర జవాబు ఉండదు. గీతలు లోతుగా ఉన్న రాతి అచ్చు మీద ముగ్గు గీత తెగుతుంది, చుక్కలు గుంటల్లో పడిపోతాయి. సాన్పు చల్లితే పేడ నీళ్లు గీతల్లో నిలిచి ఆకుపచ్చ మరక కడుతుంది.

నేను సూచించేది: గడప ముందు నాలుగైదు అడుగులు అచ్చు లేకుండా, అదే రంగులో చదునుగా పోసుకుని చుట్టూ అచ్చు బార్డర్ తిప్పుకోవడం. పండగకు పెద్ద ముగ్గూ పడుతుంది, బతుకమ్మ పెట్టడానికి చదునైన జాగా ఉంటుంది. సీలర్ వేసిన పలక మీద మిరపకాయలు ఆరబోస్తే ఎరుపు అంటుకోదు, కానీ కొత్తగా సీలర్ వేసిన నెల రోజులు తినే వస్తువులేవీ పరవొద్దు.

కాళ్లు కాలవా? వానకు జారదా?

కాలతాయి. ఏ రంగైనా ఏప్రిల్ మధ్యాహ్నం చెప్పుల్లేకుండా నడవలేరు, ముదురు రంగైతే సాయంత్రం దాకా వేడి పట్టుకుని ఉంటుంది. ఇసుక రంగు, లేత బూడిద రంగు ఎంచుకోండి. జారకుండా రెండో పూత సీలర్‌లో గ్రిప్ పొడి కలపమనండి. వాలు అడుగుకు పావు అంగుళం, ఇంటి నుంచి బయటికి.

ఎరువు బస్తాలు దింపుతం, ట్రాక్టర్ వస్తది. ఏమన్నా అయితదా?

6 అంగుళాలు పోసి ఉంటే ట్రాక్టర్‌కు ఢోకా లేదు, కేజ్ వీల్స్‌తో మాత్రం ఎక్కించొద్దు. ఎరువుల విషయం చాలామందికి తెలియదు. అమ్మోనియం సల్ఫేట్, అమ్మోనియం నైట్రేట్ ఉన్న ఎరువులు తడి తగిలితే కాంక్రీట్‌ను రసాయనికంగా తినేస్తాయి. చిరిగిన బస్తా వానలో ఒక రాత్రి ఉంటే ఆ మేర పైపొర గరుకుగా తేలుతుంది. బస్తాల కింద పట్టా వేయండి.

మా అమ్మాయి మిన్నియాపొలిస్‌ల ఇల్లు కొన్నది. అక్కడ ఇది నిలుస్తదా?

సరిగ్గా పోస్తే నిలుస్తుంది. అక్కడి నియమాలు వేరు. నీళ్లు గడ్డకడితే దాదాపు 9 శాతం ఉబ్బుతాయి. నిండా నింపిన సీసా ఫ్రీజర్‌లో పెడితే ఏమవుతుందో కాంక్రీట్ సందుల్లో కూడా అదే జరుగుతుంది. ఒకసారి కాదు, పగలు కరిగి రాత్రి గడ్డకట్టి చలికాలమంతా జరుగుతూనే ఉంటుంది. పైపొర పెచ్చులుగా లేచిపోతుంది. స్టాంప్ పనిలో రంగు, అచ్చు అంతా ఆ పైపొరలోనే ఉంటాయి కాబట్టి నష్టం రెట్టింపు.

దీనికి విరుగుడు కాంక్రీట్‌లో కావాలని సన్నటి గాలి బుడగలు పుట్టించడం. కంటికి కనబడనంత చిన్నవి, దగ్గర దగ్గరగా. గడ్డకట్టే నీళ్లు ఆ బుడగల్లోకి జరిగి ఒత్తిడి తగ్గించుకుంటాయి. అక్కడి కాంక్రీట్‌లో గాలి సుమారు 6 శాతం ఉండాలి, నీళ్లు–సిమెంట్ నిష్పత్తి 0.45 దాటకూడదు, బలం 4500 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లలో చెప్పే అక్కడి కొలత) ఉండాలి.

మరి ఇక్కడ గూడ ఆ గాలి మందు కలుపుదామా? మంచిదంటున్నరు గదా.

వద్దు. ఒక్కో శాతం గాలికి బలం దాదాపు 5 శాతం తగ్గుతుంది. మహబూబ్‌నగర్‌లో నీళ్లు ఎన్నడూ గడ్డకట్టవు, రాని రోగానికి మందు ఎందుకు? అమెరికా వీడియోలు చూసి అడిగేవాటిలో ఇది మొదటిది.

అక్కడి కాంట్రాక్టర్‌ను ఏమడగాలె?

అమ్మాయికి ఇవి రాసి పంపండి. కాంక్రీట్‌లో గాలి ఎంత శాతం, ట్రక్కు వచ్చాక సైట్‌లో కొలుస్తారా? రంగు కాంక్రీట్‌లోనే కలుపుతారా, పైన చల్లుతారా? పైన చల్లే పొడి లోపలికి ఎక్కాలంటే పైకి ఊరే తడి కావాలి. గాలి బుడగలున్న కాంక్రీట్ తడి తక్కువ ఊరుతుంది. దాంతో ఎక్కువ రుద్దుతారు, రుద్దిన కొద్దీ పైపొరలో బుడగలు పోతాయి. అందుకే చలి ప్రాంతాల్లో కొందరు రంగును కాంక్రీట్‌లోనే కలపడానికి మొగ్గుతారు. నేనైనా అదే ఎంచుకుంటాను.

కింద కంకర పొర ఎంత? అక్కడ నేల లోతుగా గడ్డకడుతుంది. మిన్నియాపొలిస్ ఉన్న మిన్నెసోటా రాష్ట్రంలో ఇంటి పునాదులు దక్షిణాన 42 అంగుళాలు, ఉత్తరాన 60 అంగుళాల లోతుకు పోవాలని నియమం. వాకిలి పలకను అంత లోతుగా వేయరు, కాబట్టి కింద నీళ్లు నిలవకుండా చూడటమే దారి. ఒండ్రులాంటి సన్నమట్టి తడిగా ఉండి గడ్డకడితే పలకను ఎత్తి పడేస్తుంది. ఇంటికి పది అడుగుల లోపు వాలు కనీసం 2 శాతం ఉండాలి.

తొందరగా బిగుసుకోవాలని కాల్షియం క్లోరైడ్ కలుపుతారా అని కూడా అడగమనండి. రంగు కాంక్రీట్‌లో అది మచ్చలు తెస్తుంది.

అక్కడ ఏ నెలలో పోయించాలె?

మే నుంచి సెప్టెంబర్ మధ్య దాకా. కాంక్రీట్ కనీసం 500 పీఎస్ఐ బలం పట్టకముందు గడ్డకడితే శాశ్వతంగా పాడవుతుంది. ఆ గండం దాటినా, మొదటి మంచుకు ముందు నెల రోజులు గట్టిపడాలి, తర్వాత ఆరాలి కూడా. అక్రిలిక్ సీలర్లు చాలామటుకు 10 డిగ్రీల లోపు సరిగ్గా పట్టవు. అక్టోబర్ చివర్లో డిస్కౌంట్ ఇస్తామంటే ఆ డిస్కౌంట్ ఎందుకో అర్థం చేసుకోవాలి.

మంచు కరిగించే ఉప్పు చల్లచ్చా?

మొదటి చలికాలం అసలు వద్దు. జారకుండా ఇసుక చల్లుకోవాలి. తర్వాత కూడా తక్కువే మంచిది. ఉప్పు మంచును కరిగిస్తుంది, కరిగిన నీళ్లు కాంక్రీట్ లోపలికి ఇంకుతాయి, రాత్రి మళ్లీ గడ్డకడతాయి. అంటే గడ్డకట్టే దఫాలు పెరుగుతాయి, లోపల తడి పెరుగుతుంది. మామూలు ఉప్పు సున్నాకి కింద 9 డిగ్రీల దాకే బాగా పనిచేస్తుంది. కాల్షియం క్లోరైడ్ ఇంకా చలిలోనూ పనిచేస్తుంది. మెగ్నీషియం క్లోరైడ్ సిమెంట్ ముద్దనే దెబ్బతీస్తుంది. డబ్బా మీద అమ్మోనియం అనే మాట ఉంటే కొననే కూడదు, పైన ఎరువుల దగ్గర చెప్పిందే ఇక్కడా. చల్లకపోయినా రోడ్డు మీది ఉప్పు కారు చక్రాల వెంట వచ్చి కారుతుంది, కాబట్టి కారు నిలిపే చోట సిలేన్ రకం లోపలికి ఇంకే సీలర్ మేలు. అది పొర కట్టదు, లోపలి తడిని బయటికి పోనిస్తుంది.

మంచు తోడటానికి ప్లాస్టిక్ పార వాడాలి. ఇనుప పార అంచు అచ్చు గీతల ఎత్తుల్ని గీరేస్తుంది.

పాత కాంక్రీట్ వాకిలి ఉంది. దాని మీదనే చేయచ్చా?

పావు అంగుళం మందం పాలిమర్ ఓవర్లే (పాత పలక మీద పోసే పలచటి పొర) వేసి అచ్చు వేసే పద్ధతి ఉంది. కింది పలక కదలకుండా, బోలు శబ్దం లేకుండా ఉంటేనే. సుత్తితో తట్టుకుంటూ పోండి. కింది పగుళ్లు, జాయింట్లు పైకి వస్తాయి, మూసేసి మాయం చేయలేం.

కొటేషన్లు మూడు తీసుకున్నం, దేనికీ దేనికీ పొంతన లేదు. ఎట్ల తేల్చాలె?

చదరపు అడుగు రేటు చూసి తేల్చొద్దు. కింది మొరం పని, మందం, కాంక్రీట్ గ్రేడ్, జాలీ, జాయింట్ కోత, సీలర్ ఎన్ని పూతలు, ఇవన్నీ విడివిడిగా కాగితం మీద రాయించుకోండి. తక్కువ చెప్పినవాడు సాధారణంగా 3 అంగుళాలు పోస్తాడు, మొరం పని మీ మీద వేస్తాడు. ఐదు రుతువులైనా చూసిన పాత పని ఒకటి చూపించమనండి. ఫోన్‌లో చూపించే ఫొటోలన్నీ సీలర్ తడి ఆరకముందు తీసినవే.

ఒక మూల పగిలింది. ప్యాచ్ వేస్తే కలుస్తదా?

రంగు కలవదు. సన్నటి పగులైతే అదే రంగు కలిపిన పాలిమర్ ఫిల్లర్ పెట్టి, మొత్తానికి సీలర్ వేస్తే కంటికి తక్కువ ఆనుతుంది. పలక కుంగి ఉంటే జాయింట్ నుంచి జాయింట్ దాకా ఆ గడి మొత్తం తీసి, కింద మట్టి సరిచేసి మళ్లీ పోయాలి. అప్పుడైనా పాతదానికి దగ్గరగా రావాలంటే అదే కంపెనీ, అదే రంగు కావాలి. అందుకే పని అయిపోయిన రోజే మిగిలిన రంగు పొడిని మేస్త్రీ తీసుకుపోకుండా ఆపండి. రంగు పేరు, బ్యాచ్ నంబర్ సంచి మీద రాసి, గట్టిగా మూట కట్టి, తడి తగలని చోట పెట్టుకోండి.